పాత ఎం5 విషయంలో తిరుగుతున్న ఐదు భరోసాలు, ఐదూ తప్పే

అమెరికాలో కార్ల మోజున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం కొంతకాలంగా చక్కర్లు కొడుతోంది. 2006 నుంచి 2010 దాకా అక్కడ అమ్మిన బీఎండబ్ల్యూ ఎం5 సెడాన్, అంటే ఈ60 మోడల్, వీ10 ఇంజన్‌తో, 500 హార్స్‌పవర్‌తో, కొత్త కేమ్రీ కన్నా తక్కువకే వస్తోంది కాబట్టి కళ్లు మూసుకుని కొనెయ్యమని దాని సారాంశం. ధర మాట నిజమే. దానికి తగిలించిన భరోసాలే ప్రమాదం: సర్వీస్ రికార్డు పక్కాగా ఉంటే ఇంజన్‌లోని బేరింగులు పోవట, పల్చటి ఆయిల్ పోస్తే ఆ భయమే ఉండదట, థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వదిలే మూత) మొరాయిస్తే శుభ్రం చేస్తే సరిపోతుందట, ఎస్ఎంజీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు మార్చే గేర్‌బాక్స్) దీపం వెలిగితే గేర్‌బాక్స్ పోయినట్టేనట, ఏడాదికి వెయ్యి డాలర్లు పక్కన పెడితే చాలట. భయపడాల్సిన చోట ధైర్యం చెబుతోంది, ధైర్యంగా ఉండాల్సిన చోట భయపెడుతోంది.

మొదటిది, బేరింగులు, అంటే పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ కింది చివర ఉండే అరిగే లోహపు రేకులు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. ఈ కారులోని ఎస్85 ఇంజన్ 4,999 సీసీ, 8,250 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. ఆ రాడ్ పట్టుకునే క్రాంక్ జర్నల్ (క్రాంక్ షాఫ్ట్ మీది గుండ్రటి భాగం) వ్యాసం 52 మిల్లీమీటర్లు. ఇంజన్లు కట్టేవాళ్ల లెక్క ప్రకారం అంత జర్నల్‌కి బేరింగ్‌తో దాదాపు 0.05 మిల్లీమీటర్ల సందు కావాలి. విప్పి కొలిచిన ఇంజన్లలో కనిపించేది 0.03 నుంచి 0.04 లోపే. ఆ సందులోకి 10డబ్ల్యూ-60 లాంటి చిక్కటి ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు సరిగా పారదు. ఆయిల్ పొర చాలని ప్రతిసారీ షెల్ (బేరింగ్‌లో సగం ముక్క) పైపూత కొంచెం అరుగుతుంది.

ఈ అరుగుదలని సర్వీస్ రికార్డు ఆపలేదు. పైగా కంపెనీ చెప్పిన ఆయిల్ గడువు దాదాపు 15,000 మైళ్లు. ఆ షెడ్యూలు తు.చ. తప్పకుండా పాటించిన కారు రికార్డు ముచ్చటగా ఉంటుంది, లోపల బేరింగులు మాత్రం మడ్డి ఆయిల్లో నలిగి ఉంటాయి. అడగాల్సిన కాగితం ఒక్కటే: బేరింగులు ఎన్ని మైళ్ల దగ్గర మార్చారో చెప్పే బిల్లు, దానితోపాటు తీసిన పాత షెల్స్ ఫొటోలు. అది లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని, కొన్న వెంటనే మార్పించాలి. 60,000 నుంచి 80,000 మైళ్ల మధ్య ఈ పని చేయించడం మంచిది. ఇది బ్రేక్ ప్యాడ్ల లాంటి అరిగే సామాను, అంతే.

పని ఎలా సాగాలో తెలిస్తే మెకానిక్‌ని సరైన ప్రశ్నలు అడగవచ్చు. ఇంజన్‌ని పైనుంచి బార్‌తో వేలాడదీసి, ముందు సబ్‌ఫ్రేమ్ దింపి, సంప్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పుతారు. 10 రాడ్లు, 20 షెల్స్, 20 బోల్టులు. బోల్టులు కోణం లెక్కతో సాగదీసి బిగించేవి, కాబట్టి పాతవి మళ్లీ వాడకూడదు. రాడ్‌నీ దాని క్యాప్‌నీ (బేరింగ్‌ని కింద నుంచి పట్టే సగం) ఫ్యాక్టరీలో ఒకే ముక్కగా చేసి విరగగొట్టి విడదీస్తారు. అందువల్ల ఏ రాడ్ క్యాప్ ఆ రాడ్‌కే అతుకుతుంది. క్యాప్‌లు తారుమారైతే ఆ రాడ్లు చెత్తకే. కొంచెం ఎక్కువ సందు ఇచ్చే షెల్స్ బయట దొరుకుతాయి, అవి వేయించుకోవడమే మేలని మా అభిప్రాయం. చివర్లో వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

సంప్ ఎలాగూ దిగింది కాబట్టి వానోస్ సంగతి కూడా అప్పుడే చూడాలి. వాల్వ్ టైమింగ్ మార్చే ఈ వ్యవస్థ ఇందులో 80 బార్ ఒత్తిడితో పనిచేస్తుంది. దాని పంపు సంప్‌లోనే, క్రాంక్ గేరు ఆధారంగా తిరుగుతుంది. హై ప్రెషర్ లైను కారుతోందేమో, పంపు పళ్లు ఎలా ఉన్నాయో అప్పుడే చూసి, ఇంజన్ మౌంట్లు కూడా మార్చేస్తే, ఇదే కూలీ రెండోసారి కట్టనక్కర్లేదు. విడి షెడ్డులో బేరింగుల పనికి సుమారు 3,000 నుంచి 4,000 డాలర్లు అవుతుంది. బేరింగ్ తిరిగిపోయి రాడ్ బ్లాకుని చీల్చితే ఇంజన్‌కి 15,000 పైమాటే.

ఆయిల్ ల్యాబ్ పరీక్ష బాగా వచ్చిందన్న ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. పాత షెల్స్‌లో సీసం, రాగి ఉంటాయి కాబట్టి వాటి మోతాదు క్రమంగా పెరగడం హెచ్చరికే. కానీ ఆ పరీక్షకు సన్నటి రేణువులే దొరుకుతాయి. రేకుల్లా ఊడిన లోహం ఫిల్టర్లో ఇరుక్కుంటుంది. ప్రతి ఆయిల్ మార్పుకీ ఫిల్టర్ కోసి, మడతలు విప్పి వెలుతురులో చూడాలి. మెరిసే తుక్కు కనిపిస్తే బండి అక్కడే ఆపాలి.

రెండోది, పల్చటి ఆయిల్. ఆయిల్ మార్చితే లోహాల మధ్య సందు పెరగదు. సందు కొలవకుండా, బేరింగులు చూడకుండా 5డబ్ల్యూ-30 పోస్తే, వేడెక్కాక అధిక ఆర్‌పీఎం దగ్గర పొర ఇంకా పలచబడుతుంది. నిజంగా పనిచేసేది ఓపిక. కూలెంట్ వేడెక్కినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు. ఈ కారులో టాకోమీటర్ చుట్టూ ఉన్న హెచ్చరిక దీపాలు ఆయిల్ వేడెక్కే కొద్దీ పైకి జరుగుతాయి. అవి జరిగేదాకా 3,500 దాటకూడదు. 5,000 మైళ్లకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. పట్టేది 9.3 లీటర్లు.

మూడోది, థ్రాటిల్. పది థ్రాటిల్స్‌ని రెండు యాక్చువేటర్లు (వాటిని తెరిచి మూసే మోటారు యూనిట్లు) నడుపుతాయి, వరుసకొకటి. అవి ఇంజన్ 'వీ' మధ్య వేడిలో ఉడుకుతాయి. చెడేవి లోపలి ప్లాస్టిక్ గేర్లు, మోటారు, సర్క్యూట్ బోర్డు. బయట క్లీనర్ కొడితే వాటికి ఒరిగేదేమీ లేదు. పవర్ తగ్గి, దీపాలు వెలిగితే ముందు కోడ్ చదవాలి. అనుమానం ఉంటే కుడి ఎడమ యాక్చువేటర్లు మార్చి పెట్టి చూడాలి, రెండూ ఒకటే పార్టు. తప్పు కూడా అటు మారితే దోషి దొరికినట్టే. విప్పినప్పుడు రెండూ కలిపి బాగుచేయించండి, కొత్తవాటి కన్నా బాగుచేసినవి చాలా చవక.

నాలుగోది, గేర్‌బాక్స్. డాష్‌బోర్డులో ఎస్ఎంజీ దీపం, అంటే ఎర్ర గేరు గుర్తు చూసి ఎంతోమంది కారునే తెగనమ్ముకున్నారు, ఇది చూస్తే బాధేస్తుంది. ఎస్ఎంజీ లోపల ఉన్నది మామూలు గేర్లూ ఒకే క్లచ్చూ. వాటిని కదిపేది హైడ్రాలిక్ యూనిట్. ఎక్కువసార్లు పోయేది రిలే, పంపు మోటారు బ్రష్‌లు, సెన్సార్లు, లేదా నైట్రోజన్ తగ్గిపోయిన అక్యుములేటర్ (హైడ్రాలిక్ ఒత్తిడిని నిల్వ ఉంచే డబ్బా). డ్రైవర్ తలుపు తీయగానే పంపు మూలుగు వినిపిస్తుంది. కాసేపట్లో ఆగిపోవాలి. నిలబడి ఉన్నప్పుడే మాటిమాటికీ మోగుతుంటే అక్యుములేటర్ ఒత్తిడి నిలపడం లేదు, దాన్ని వదిలేస్తే మోటారు కాలిపోతుంది. మోటారు ఒక్కటే మార్చడానికి కొన్ని వందల డాలర్లు, యూనిట్ మొత్తమైతే వేలల్లో. తొందరపడి మాన్యువల్ వెతకక్కర్లేదు. క్లచ్ మాత్రం ఇది తాగేస్తుంది, ముఖ్యంగా ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఇంచి ఇంచి కదిలితే. ఫ్లైవీల్‌తో కలిపి మరో 3,000 డాలర్ల చిల్లర.

ఇక ఏడాదికి వెయ్యి. వెనక టైర్లే 285/35 సైజు, 19 అంగుళాల రిమ్ములు. రెండు టైర్లూ, రెండు ఆయిల్ సర్వీసులూ అయ్యేసరికి ఆ వెయ్యి చుట్టుకుంటుంది. బిల్లు లేని కారైతే మొదటి ఏడాదికి కారు ధర కాక 8,000 నుంచి 10,000 చేతిలో ఉండాలి. బేరింగుల బిల్లు ఉన్న కారు నాలుగు వేలు ఎక్కువైనా అదే చవక.

చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడం మీరే చూడాలి, కాబట్టి చూడటానికి వెళ్లేటప్పుడు బండిని ముందుగా స్టార్ట్ చేసి ఉంచవద్దని చెప్పండి. వెళ్లాక బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే, పూర్తిగా చల్లారాక ఇంకోరోజు వస్తానని చెప్పండి. దానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఆ కారు కొనవద్దు.