టాస్క్ షెడ్యూలర్ గారికి బహిరంగ లేఖ

విండోస్‌లో చెప్పిన టైముకి చెప్పిన పని నడిపే మహారాజశ్రీ టాస్క్ షెడ్యూలర్ గారికి, మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు చూసుకునే నేను నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము. మీరు మాత్రం క్షేమమేనని మీ ‘లాస్ట్ రన్ రిజల్ట్’ గడి చూస్తే తెలిసింది.

నేను అడిగింది చిన్న పని. రాత్రి 11కి నా బ్యాచ్ ఫైలు, అంటే కంప్యూటర్‌కి వరసగా ఆదేశాలు రాసిన స్క్రిప్టు, నడవాలి. అది స్టాకు ప్రోగ్రామ్ తెరిచి, ఆ రోజు నిల్వల్ని ఎక్సెల్‌లోకి దించి, పొద్దున్నే గోడౌన్ వాళ్లు చూసుకునే జెడ్ డ్రైవ్‌లో, అంటే సర్వర్ మీది ఫోల్డర్‌లో, పెట్టాలి. డబుల్ క్లిక్ కొడితే బంగారంలా నడుస్తుంది. మీకు అప్పగిస్తే మాత్రం బడి టైముకి కడుపునొప్పి వచ్చే పిల్లాడైపోతుంది.

సోమవారం రాత్రి అసలు నడవలేదు. 0ఎక్స్41303 అన్నారు. అంటే ‘ఇంకా మొదలవలేదు’ అని. ఓనరు గారు ఇంటికెళ్తూ లాగాఫ్ చేస్తారు, యూజర్ లాగాన్ అయి ఉంటేనే నడపాలని మీకు మొదటి నుంచీ టిక్కు పెట్టి ఉంది. సరే, మనిషి ఉన్నా లేకపోయినా నడపండని మార్చి, నమ్మి పాస్‌వర్డ్ కూడా చేతిలో పెట్టాను.

మంగళవారం 0ఎక్స్0. ఆపరేషన్ సక్సెస్. ఫైలు లేదు. జెడ్ డ్రైవ్ అనేది లాగాన్ అయి కూర్చున్న మనిషికి తగిలించినదట, ఆయన లేని చోట అది ఉండదట. అందుకే స్క్రిప్టులో జెడ్ బదులు సర్వర్ పూర్తి అడ్రసు రాశాను. ఇందులో నా పాపమూ ఉంది లెండి, స్క్రిప్టు చివర ఎగ్జిట్ 0, అంటే ‘తప్పేమీ లేదు’, అని రాసింది నేనే. ఏం జరిగినా అంతా బాగానే ఉందని చెప్పమని నేర్పాను, అది చెప్పింది, మీరు రిజిస్టర్లో ఎక్కించుకున్నారు.

బుధవారం రాత్రి నుంచి మీరు ‘రన్నింగ్’ అంటున్నారు. గురువారం కూడా రన్నింగ్. పర్లేదు, పట్టుదల గలవారనుకున్నాను. శనివారం పొద్దున గోడౌన్ నుంచి ఫోను.

“ఏమయ్యా, లిస్టులో నలభై పెట్టెలున్నాయి, ఇక్కడ ఖాళీ అట్టపెట్టె తప్ప ఏమీ లేదు. ఆటో ఎక్కించమంటావా అట్టపెట్టెని?”

లిస్టు బుధవారం పొద్దున నేను చేత్తో నడిపినది.

అసలు సంగతి తర్వాత అర్థమైంది. మనిషి లేకున్నా నడపమంటే మీరు నడిపేది సెషన్ 0 అనే లోపలి గదిలో. విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచి ఆ గదికీ మా తెరకీ సంబంధం తెంచేశారు. భద్రత కోసమే, కాదనను. లోపల ఎవరో ఏదో అడుగుతున్నారని బయటికొచ్చి చెప్పే సర్వీసు ఒకటి ఉండేది, 2018లో విండోస్ 10 నుంచి దాన్నీ తీసేశారు. ఆ చీకటి గదిలో మా ఎక్సెల్ మర్యాదగా ఒక పెట్టె తెరిచి అడిగింది: ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, మార్చమంటారా? ఎవరిని అడిగింది? గోడనా? రాత్రంతా అడిగింది. గురువారం, శుక్రవారం రాత్రుళ్లు స్క్రిప్టుని మళ్లీ కొత్తగా మొదలుపెట్టనివ్వలేదు మీరు, పాతది ఇంకా నడుస్తోంది కదా అని. మూడు రోజులు దాటితే ఆపేయాలని మీ రూలు. అంటే శనివారం రాత్రి దాకా ఆ ఎక్సెల్ అలాగే నిలబడి ఉండేదన్నమాట.

డబుల్ క్లిక్ చేసినప్పుడూ ఆ ప్రశ్న వచ్చేది. నా వేలే అలవాటు కొద్దీ ఎస్ నొక్కేసేది. నొక్కుతున్నానని నాకే తెలియదు. ‘ఆటోమేటిక్’ అని ఓనరు గారికి గొప్పగా చెప్పిన పనిలో ఒక ముక్క నా చూపుడువేలు.

సిస్టమ్ అనే విండోస్ సొంత అకౌంటుతో నడపమని తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. దాని కింద ఎక్సెల్ ఫైలు తెరవనని మొరాయిస్తే మందు ఇదీ: సిస్టమ్32లో కాన్ఫిగ్, అందులో సిస్టమ్‌ప్రొఫైల్, అందులో డెస్క్‌టాప్ అని ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టాలి. ఏమీ వేయక్కర్లేదు, ఖాళీగా ఉంటే చాలు. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టినట్టు. నవ్వుకుంటూనే పెట్టాను. పనిచేసింది! నవ్వు ఆగిపోయింది.

డిస్‌ప్లే అలర్ట్స్ ఫాల్స్ అని ఒక్క లైను రాసి ఎక్సెల్ నోరూ మూయించాను. వారం బాగా గడిచింది. తర్వాత మళ్లీ రన్నింగ్. ఈసారి స్టాకు ప్రోగ్రామ్: రెన్యూవల్‌కి ఇంకా 15 రోజులే, ఓకే నొక్కండి.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క. మీ కొలువు ప్రస్తుతానికి డిసేబుల్ చేశాను. రాత్రి 11కి మా వాచ్‌మన్ డబుల్ క్లిక్ చేస్తున్నాడు, నెలకు మూడు వందలు. నిన్న 11:04కి ఫోన్ చేశాడు. “సార్, ఏదో అడుగుతోంది. ఎస్సా, నోవా?”