సవరణ: బీసీఎల్-2 కణాల్ని పెంచదు, చావనివ్వదు

మొన్నటి పోస్టులో బీసీఎల్-2 జీన్ ఎక్కువైతే కణాలు గబగబా విభజన చెందుతాయి, అందుకే లింఫోమా (ఒక రకం రక్త కేన్సర్) వస్తుంది అని రాశాను కదా, అది తప్పండీ, క్షమించాలి. చిన్న తప్పు కూడా కాదు, అసలు విషయమే తిరగబడిపోయింది.

1988లో మెల్‌బోర్న్ వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌లో డేవిడ్ వాక్స్ పీహెచ్‌డీ స్టూడెంట్‌గా ఉండగా తేలిన సంగతి ఇది, ఐఎల్-3 అనే ప్రొటీన్ అందకపోతే చచ్చిపోయే ఎలుక కణాలు తీసుకుని వాటిలో మనుషుల బీసీఎల్-2 పెట్టి ఐఎల్-3 తీసేశారు, అవి చావలేదు, కానీ విభజన కూడా చెందలేదు, ఊరికే బతికి ఉన్నాయంతే. అంటే కేన్సర్‌కి పెరుగుదల ఒక్కటే కారణం కాదు, పోవాల్సిన కణం పోకపోయినా ముప్పే అని అప్పుడు అర్థమైంది. ఒక స్టూడెంట్ చేసిన పని ఇది, నాకైతే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది, అలాంటిదాన్ని తప్పుగా రాసినందుకే ఎక్కువ బాధ.

సీ ఎలిగాన్స్ అనే చిన్న పురుగు ఎదిగేటప్పుడు వాటంతట అవే చచ్చిపోయే కణాల లెక్క కూడా తారుమారు చేశాను, పుట్టే 1090 శరీర కణాల్లో చచ్చేవి 131, మిగిలేవి 959.

వెనెటోక్లాక్స్ అనే కేన్సర్ మందు గురించి రాసిందీ మార్చి చదవండి, ఆ మందు విభజనని ఆపదు, బీసీఎల్-2ని అడ్డుకుంటుంది, దాంతో ఆ కేన్సర్ కణానికి చావు దారి మళ్ళీ తెరుచుకుంటుంది. పాత పోస్టు షేర్ చేసినవాళ్ళు దయచేసి ఇది కూడా పెట్టండి.