గొట్టం మీద ఇటుక

అమెరికా దేని మీద నిలబడి ఉందని అడిగితే మొన్నటిదాకా రాజ్యాంగం అనేవాణ్ణి, డాలరు అనేవాణ్ణి. అత్తమామలు వచ్చారు కదా అని ఆర్‌వీ అద్దెకు తీసుకుని వారం రోజులు తిరిగొచ్చాక నా అభిప్రాయం మారింది. ఇటుక మీద.

ఆర్‌వీ అంటే చక్రాల మీద ఇల్లు. బటన్ నొక్కితే గోడ బయటికి జరిగి హాలు పెద్దదవుతుంది. బండి అడుగున మురుగుకు రెండు ట్యాంకులు. గిన్నెల నీళ్ళకు, స్నానాల నీళ్ళకు గ్రే ట్యాంకు. మిగతాదానికి బ్లాక్ ట్యాంకు. మిగతాది ఏమిటో విజ్ఞులకు వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటి బళ్ళు మకాం వేసే క్యాంప్‌గ్రౌండ్ చేరాక మూడంగుళాల గొట్టం ఒక కొస బండికి, రెండోది నేలలోని డ్రైనేజీ పైపుకి పెట్టాలి. బండి వైపు మెలితిప్పితే కొక్కేలు పట్టేసుకుంటాయి. ఇంజనీరింగు అంతటితో సరి. నేల వైపు ఎల్బోని, అంటే మోచేయిలా వంగిన ముక్కని, ఊరికే దూర్చి, "మీద ఏదైనా బరువు పెట్టుకోండి" అన్నాడు అద్దెకిచ్చినాయన. లక్ష డాలర్ల బండికి ఆఖరి భాగం "ఏదైనా".

మామగారు ఇరిగేషన్‌లో ఏఈగా రిటైరయ్యారు. బ్లాక్ ట్యాంకు మూడింట రెండొంతులు నిండేదాకా వాల్వు తీయకూడదని, తీసి ఉంచితే నీరు పోయి గట్టిది లోపల గుట్టపడుతుందని నేను చెబితే, "పూడిక గురించి నాకు చెబుతున్నారా?" అన్నారు. గొట్టం కింద హార్మోనియం తిత్తిలా సాగే ప్లాస్టిక్ ఊతను చూసి "అక్విడక్టు!" అని, కాలవను మోసే వంతెనను చూసినట్టు ముచ్చటపడి, వాలు సరిచేశారు. "గేటెత్తే ముందు దిగువ వాళ్ళను హెచ్చరించాలి అల్లుడుగారూ" అని కూడా అన్నారు. దిగువన పక్క సైటు దంపతులు కుర్చీలేసుకుని సూర్యాస్తమయం చూస్తున్నారు. నేను హెచ్చరించలేదు. బరువూ పెట్టలేదు.

నలభై గ్యాలన్ల ట్యాంకంటే సుమారు 150 లీటర్లు, అంటే 150 కిలోలు. అదంతా ఒక్కసారి కదిలేసరికి గొట్టం కొస పైపులోంచి లేచి, ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, దిగువకు తిరిగింది.

వాల్వు మూసింది మామగారు. "వడియాల గుడ్డకైనా నాలుగు మూలలా రాళ్ళు పెడతాం కదా బాబూ, దీనికి పెట్టలేదా?" అన్నారు అత్తగారు, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. నేను గ్లవ్స్ తొడుక్కుని అంతా కడిగాక, పక్క సైటాయన ఏమీ అనకుండా తన బండిలోంచి ఒక ఇటుక తెచ్చి, దేవుడి పటం ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చాడు.

క్యాంప్‌గ్రౌండ్‌లో కులాలున్నాయని అప్పుడు తెలిసింది. మర బిగించే ఎల్బో వాళ్ళు అగ్రవర్ణం. తర్వాత రబ్బరు రింగు వాళ్ళు. దాన్ని డోనట్ అంటారు. ఆ పేరు పెట్టినవాడి పుణ్యమా అని నాకు ఒక తిండి తగ్గింది. వీటిలో ఏదో ఒకటి లేనిదే ఒప్పుకోని క్యాంప్‌గ్రౌండ్లూ ఉన్నాయి. ఆ తర్వాత ఇసుక సంచీ, ఆఖర్న ఇటుక. కొందరి ఎల్బో గాజులా ఉంటుంది, లోపల ఏం పోతోందో కనిపిస్తుంది. ప్రభుత్వాలు చెప్పే పారదర్శకతను నేను కళ్ళారా చూసింది అక్కడే. ముందు బ్లాక్ ట్యాంకు వదిలి తర్వాత గ్రే వదిలితే, గిన్నెల నీళ్ళతో గొట్టం కడుక్కుంటుందని నేర్పిందీ ఆ ఇటుకాయనే.

ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో నీళ్ళు, కరెంటు, డ్రైనేజీ మూడూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జి అనే క్యాంప్‌గ్రౌండ్ ఒక్కచోటే. ఎలుగుబంట్ల వల్ల అక్కడ గుడారాలకు ప్రవేశం లేదు. పార్కులో రాయిని ఉన్నచోటి నుంచి తీయడమూ నేరమే. కనుక ఇటుక వెంట ఉండాల్సిందే. మాది ముందు సీటు కింద ప్రయాణించింది.

బండి తిరిగిచ్చేటప్పుడు చెంచాలతో సహా లెక్కపెట్టుకున్నారు. ఇటుక జాబితాలో లేదు. అత్తగారు దాన్ని మూడుసార్లు కడిగించి ఇంటికి తెచ్చారు. పెరట్లో వడియాల గుడ్డకు నాలుగో మూల అదే ఉంది.

ఈసారి వడియాలు బాగా కుదిరాయంటున్నారు. నేను పెరుగన్నంతో సరిపెట్టుకుంటున్నాను.