బ్యాక్‌స్లాష్ పరిరక్షణార్థం

గణితం రాయడం సులువైపోతే గణితానికి విలువేముంటుంది? శ్రీకాకుళం జిల్లాలో ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ నాకు సూటిగా జవాబు చెప్పలేదు. ఎచ్చెర్ల వైపు చదువుకునే పిల్లలైతే ప్రశ్న సాంతం వినకుండానే ల్యాప్‌టాప్ తెరిచి, ఒక మాటను ఎంచుకుని, తెర పైవరసలోని బొత్తాం నొక్కి చూపిస్తున్నారు. మాట లావుగా మారిపోతోంది. బ్యాక్‌స్లాష్ (\) పెట్టి రాసే ఆదేశం లేదు, కుండలీకరణం లేదు, గురుముఖతః నేర్చుకున్నది అసలే లేదు. పట్టపగలు ఇంత అరాచకం జరుగుతుంటే పెద్దవాళ్ళు చూస్తూ ఊరుకోవడం భావ్యం కాదు గనుక ఈ వ్యాసం.

సంగతేమిటంటే, సేజ్ అని ఒక గణిత సాఫ్ట్‌వేర్ ఉంది. విలియం స్టీన్ అనే అమెరికా గణితాచార్యుడు 2005లో మొదలుపెట్టారు. మ్యాథమెటికా, మేపుల్, మ్యాట్‌ల్యాబ్, మాగ్మా వంటివాటికి డబ్బు కట్టలేనివాళ్ళకు, కట్టినా లోపల ఏం జరుగుతోందో చూడనివ్వరేమని మండిపడేవాళ్ళకు అది ఉద్దేశించినది. బీజగణితపు కూడికలు, కలనగణితం మాక్సిమా చూసుకుంటుంది, సంఖ్యా సిద్ధాంతం పారి చూసుకుంటుంది, సమూహాల సంగతి గ్యాప్ చూసుకుంటుంది. ఎవరెవరో ఎప్పుడెప్పుడో చేసిపెట్టినవాటిని పైథాన్‌తో ఒక్కచోటికి చేర్చడమే సేజ్ పని. బ్రౌజర్‌లో తెరుచుకునే నోట్‌బుక్ కూడా ఒకటి పెట్టారు. ఒక గడిలో లెక్క, దాని కింద జవాబు, మధ్యమధ్య ఆ లెక్క ఎందుకు చేశామో చెప్పే నాలుగు మాటలు. ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. ఆ నాలుగు మాటల దగ్గరే చిక్కు వచ్చింది.

పూర్వం ఆ మాటలు రాయడానికి ఒక పద్ధతి ఉండేది. ఎడిట్ అన్న చోట నొక్కితే నోట్‌బుక్ మొత్తం తన ముస్తాబు తీసేసి ఉత్త అక్షరాలుగా కనిపించేది. ప్రతి లెక్కకూ ముందు మూడు ఫ్లవర్ బ్రాకెట్లు, వెనుక మూడు. లోపల లెక్కకూ జవాబుకూ నడుమ మూడు ఏటవాలు గీతలు. ఈ కంచెలకు బయట ఉన్న ఖాళీలో, వెబ్ పేజీల భాష అయిన హెచ్‌టీఎంఎల్ చేత్తో రాయగలిగినవాడు తన మాటలు రాసుకోవచ్చు. చెయ్యి జారి ఒక్క బ్రాకెట్ చెరిగిందా, లెక్క వెళ్ళి మాటల్లో కలిసిపోయేది. ఎంత చక్కటి ఏర్పాటు! ఓపిక లేనివాడు మొదటి రోజే వెళ్ళిపోయేవాడు. మిగిలినవాళ్ళం ఒకరినొకరం గౌరవించుకుంటూ ఉండేవాళ్ళం.

అలాంటి చోట టైనీఎంసీఈ తెచ్చిపెట్టారు. అది కూడా సేజ్ లాగే ఓపెన్ సోర్సే, అంటే లోపలి కోడ్ ఎవరైనా చూసి మార్చుకోవచ్చు. బ్రౌజర్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ అమరే దృశ్య సంపాదకం. లావు అక్షరాలకు ఒక బొత్తాం, వాలు అక్షరాలకు ఒకటి, జాబితాకు ఒకటి, రంగులకు ఒకటి. హెచ్‌టీఎంఎల్ దాని పాటికి అదే వెనుక రాసుకుంటుంది, మనకు కనిపించదు. శ్రమ కనిపించకపోతే మనం శ్రమపడ్డామని లోకానికి తెలిసేదెలా?

అయితే ఆ పని చేసినవాళ్ళలో కష్టాన్ని గౌరవించే మన పక్షంవాళ్ళు కూడా ఉన్నారనడానికి నా దగ్గర గట్టి ఆధారం ఉంది. ఆ సంపాదకం తెరవడానికి బొత్తాం పెట్టలేదు. రెండు గడుల మధ్యకు మౌస్ తీసుకెళితే సన్నటి నీలిగీత ఒకటి తోచేది. తప్పిస్తే మాయం. దాన్ని ఊరికే నొక్కితే మరో లెక్కల గడి వచ్చేది. షిఫ్ట్ పట్టుకుని నొక్కితేనే మాటల గడి. సులువుగా రాసుకునే సదుపాయాన్ని ఇంత కష్టమైన చోట దాచినవారు ఎవరో గాని, వారికి నా నమస్కారాలు.

మరో ఊరట కూడా ఉంది. బొత్తాలు ఎన్ని ఉన్నా సూత్రం రాయడానికి వాటిలో ఒక్కటీ పనికొచ్చేది కాదు. దానికి డాలర్ గుర్తు పెట్టి, గణితాన్ని ఆదేశాలతో అచ్చుకు కూర్చే లేటెక్‌లోనే రాయాల్సి వచ్చేది. సేవ్ చేశాకే జేఎస్‌మ్యాథ్ అనేది దాన్ని సూత్రంగా దిద్ది చూపించేది. అంటే కనిపించేదే వచ్చే ఆ సంపాదకంలో సూత్రం ఒక్కటే కనిపించినట్టు వచ్చేది కాదు. అర అని రాయాలనుకోండి. డాలర్, బ్యాక్‌స్లాష్, ఫ్రాక్, ఫ్లవర్ బ్రాకెట్లో ఒకటి, ఫ్లవర్ బ్రాకెట్లో రెండు, మళ్ళీ డాలర్. అరకే ఇంత మర్యాద జరుగుతుంటే పూర్ణసంఖ్యలు అసూయపడవూ!

లేటెక్ అంటే దాని వెనుక డోనాల్డ్ నూత్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఉన్నారు. తన పుస్తకం కొత్త ముద్రణకు 1977లో వచ్చిన ప్రూఫులు చూసి, ఆ అక్షరాల వికారం భరించలేక, చేస్తున్న పని పక్కన పెట్టి టెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్ తయారు చేశారు. లేటెక్ దాని మీద కట్టినదే. టెక్ వెర్షన్ సంఖ్య మారినప్పుడల్లా ఒక అంకె పెరిగి π (పై) విలువకు దగ్గరవుతుంది. తన పుస్తకాల్లో తప్పు పట్టినవారికి నూత్ 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. ఆయన పుస్తకం అందంగా రావాలనే ఇదంతా చేశారని కొందరంటారు. అమాయకులు. సూత్రాన్ని అందంగా చూడటం వేరు, రాసినవాడెవడో రాయలేనివాడెవడో తేలడం వేరు. మా విభాగంలో ఈ రెండోదానికే గిరాకీ.

ఇక ఈ నేల సంగతి. సులువు అనే వ్యాధి మనకు కొత్తది కాదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు, జనం మాట్లాడుకునే భాషలోనే రాయాలి, అదే బడిలో చెప్పాలి అని పట్టుబట్టారు. అంతటితో ఆగలేదు. అడవుల్లో ఉన్న సవరల దగ్గరికి వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళకు ఆ భాషలోనే పుస్తకాలు రాసిపెట్టారు. ఇటు విజయనగరంలో గురజాడవారు ఆయనకు వంత. గ్రాంథికం నిలబడాలని జయంతి రామయ్య పంతులుగారి వంటి పండితులు ఎంత పోరాడినా ఏమైంది? చదువుకున్న ప్రతివాడూ రాయడం మొదలుపెట్టాడు. మీరిప్పుడు చదువుతున్న ఈ వ్యాసమూ ఆ దుష్పరిణామాల్లో ఒకటి. దీన్ని గ్రాంథికంలోనే రాద్దామనుకున్నాను గాని, అరసున్నలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు ఊళ్ళో దొరకలేదు.

అసలు కష్టం లేకుండా గణితం రాయాలనుకునేవాళ్ళకు మా ఊళ్ళో మార్గం ఎప్పుడూ ఉంది. ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక డీటీపీ దుకాణంలో ప్రశ్నపత్రం చేత్తో రాసిచ్చి వస్తే సాయంత్రానికి టైపు చేసి ఇస్తారు. ఒకసారి అందులో ఎక్స్ స్క్వేర్ అని ఉండాల్సిన ప్రతిచోటా ఎక్స్ పక్కన రెండు వచ్చి కూర్చుంది, అదీ ఎక్స్‌తో సమానమైన హోదాలో. వర్గ సమీకరణాల పరీక్ష కాస్తా ఏకఘాత సమీకరణాల పరీక్ష అయింది. పిల్లలందరూ పాసయ్యారు. ఆ ఏడాది మా ఫలితాలను చూసి యాజమాన్యం స్వీట్లు పంచింది.

ఈ సంప్రదాయానికి గండి కొట్టింది మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరమ్మ. సమాకలనం పాఠాన్ని నోట్‌బుక్‌లో తయారు చేసింది. పైన తెలుగులో నాలుగు వాక్యాలు, కింద వక్రరేఖ, రేఖ కింద రంగు పూసిన వైశాల్యం, ఆ పక్కన మళ్ళీ తెలుగు. మామూలు లేటెక్‌కు తెలుగు ఎక్కదు. ఎక్కించాలంటే జీలేటెక్ వంటి మరో రకం కావాలి, దానికి తగిన ఫాంటు పేరు సరిగ్గా చెప్పాలి. ఇదంతా దాటి రాగలిగిన తెలుగు మీడియం విద్యార్థి ఉండడని మేము నిశ్చింతగా ఉన్నాం. బ్రౌజర్‌కు అలాంటి పట్టింపు లేదు, ఇచ్చిన తెలుగును ఇచ్చినట్టు చూపిస్తుంది. ఆమదాలవలస నుంచి వచ్చే కుర్రవాడొకడు ఆ పాఠం చదువుతుంటే పిలిచి, బ్యాక్‌స్లాష్ ఎప్పుడు నేర్చుకుంటావని అడిగాను.

“నేర్చుకుందామనే అనుకున్నానండీ మాస్టారూ. ఈలోగా సమాకలనం వచ్చేసింది” అన్నాడు.

ఎంత తెగింపు! సమాకలనం రాకుండా బ్యాక్‌స్లాష్ వచ్చినవాళ్ళను నేను బోలెడుమందిని చూశాను. వాళ్ళలో కొందరు నాతో కలిసి స్టాఫ్ రూములో టీ తాగుతారు. వరస తప్పి, ముందు విషయం నేర్చుకుని తర్వాత గుర్తులు నేర్చుకుంటామనేవాణ్ణి చూడటం ఇదే మొదలు.

న్యాయంగా చెప్పాలంటే దృశ్య సంపాదకం మీద అసలైన ఆరోపణ ఒకటి ఉంది. వర్డ్‌లో రాసింది తెచ్చి అతికిస్తే, పైకి రెండే వాక్యాలు కనిపిస్తాయి గాని వెనుక పేజీల కొద్దీ అక్కరలేని ట్యాగులు దిగబడతాయి. నిన్నటి ప్రతికీ ఇవాళ్టి ప్రతికీ తేడా ఏమిటని చూడబోతే, మార్చిన ఒక్క మాట ఆ చెత్తలో దొరకదు. ఇది నిజమైన ఇబ్బంది. అందుకే మావాళ్ళెవరూ దీన్ని ఎత్తరు. ఎత్తితే, వర్డ్ నుంచి తెచ్చినదాన్ని శుభ్రం చేసి అతికించే బొత్తాం కూడా అక్కడే ఉండేదని అవతలివాళ్ళు గుర్తుచేస్తారు. పరిష్కారం ఉన్న అభ్యంతరంతో ఉద్యమం నడవదు.

ఇంతకీ గెలిచింది మేమే. సేజ్ తన పాత నోట్‌బుక్‌ను వదిలేసి జూపిటర్ అనే మరో నోట్‌బుక్‌కు మారింది. 2014లో ఐపైథాన్ అనే ప్రాజెక్టు నుంచి విడివడి ఆ పేరు పెట్టుకున్న జూపిటర్‌లో మాటల గడికి మార్క్‌డౌన్ వచ్చింది. లావు అక్షరం కావాలా? మాటకు అటు రెండు నక్షత్రాలు, ఇటు రెండు. శీర్షిక కావాలా? ముందు హ్యాష్ గుర్తు. సూత్రానికి మళ్ళీ డాలర్లే. మార్క్‌డౌన్ కూడా సులువు కోసమే పుట్టిందంటారు, దానికేం గాని, తెలియనివాడికి నక్షత్రాలు నక్షత్రాలుగానే కనిపిస్తాయి కదా, అది చాలు. లెక్చరరమ్మ మొహం చిన్నబుచ్చుకుని, పాత గడిలో రంగు పెట్టడం ఎంత హాయిగా ఉండేదో చెప్పుకొచ్చింది. ఓదార్చాను. పైకి.

ఇప్పుడు మళ్ళీ ఎవరో ఎక్కడో జూపిటర్‌కు బొత్తాల వరస తగిలించే పనిలో ఉంటారు. ఓపెన్ సోర్సులో ఉన్న పెద్ద లోపమే అది, వద్దని చెప్పడానికి యజమాని దొరకడు. కనుక అలాంటివారికి నా మనవి: పెడితే పెట్టండి గాని, తెరిచే దారి మాత్రం సన్నటి గీత వెనుకే ఉంచండి, షిఫ్ట్ నొక్కాలన్న సంగతి తెరమీద ఎక్కడా రాయకండి. ఎవరైనా వచ్చి అడిగితే, డాక్యుమెంటేషన్ చూసుకోమనండి. అది రాసే బాధ్యత నేను తీసుకుంటాను. లేటెక్‌లో.