మామయ్య పాత రిమోటు, అల్లుడి కొత్త హబ్బు

లెగో టెక్నిక్ ముక్కలతో ట్రక్కు కట్టడం అయిపోయింది. నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఉంది, స్టీరింగ్ ఉంది, లోపల మోటారే లేదు. మామయ్య దగ్గర 2007లో వచ్చిన పవర్ ఫంక్షన్స్ సరుకు, అంటే లెగో వాళ్ల పాత మోటార్లు, ఇన్‌ఫ్రారెడ్ రిమోట్లు, పెట్టె నిండా ఉంది. మేనల్లుడు కిరణ్ మాత్రం బ్లూటూత్‌తో నడిచే కొత్త రకం, పవర్డ్ అప్ కొందామంటాడు. అందులో సెల్లులూ, మోటార్ల పోర్టులూ ఉండే పెట్టెనే హబ్బు అంటారు.

కిరణ్: ఆ ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ వద్దు మామయ్యా. రిసీవర్ కన్ను ఎప్పుడూ బయటికి కనబడుతూ ఉండాలి. క్యాబిన్ పైన పెడితే ట్రక్కు నెత్తిన బొప్పి కట్టినట్టుంటుంది. ఎండలోకి తీసుకెళ్తే సరిగ్గా పలకదు కూడా.

మామయ్య: మనం ఆడేది హాల్లో కదరా, ఎండెక్కడిది? ఆ రిమోట్‌కు నాలుగు ఛానెళ్లున్నాయి. ఒకే గదిలో నాలుగు బళ్లు ఒకదాని జోలికొకటి పోకుండా తిరుగుతాయి. సెల్లులు వేసి స్విచ్ నొక్కితే చాలు. నీ హబ్బుకైతే ఫోన్ కావాలి, యాప్ కావాలి, ఆ యాప్‌కు అప్‌డేట్ కావాలి. 2019లో వచ్చిన లీబెర్ ఎక్స్‌కవేటర్ చూడు, 4,108 ముక్కలు, ఏడు మోటార్లు. అంత సెట్టుకీ పెట్టెలో చేతి రిమోట్ ఇవ్వలేదు, ఫోన్‌తోనే నడపాలి. రేపు ఆ యాప్ పనిచేయకపోతే దాన్ని అటక మీద పెట్టుకోవాలా?

కిరణ్: దానికీ దారుంది. పైబ్రిక్స్ అని ఉచిత ఫర్మ్‌వేర్, అంటే హబ్బు లోపల నడిచే సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని ఎక్కిస్తే మనం రాసిన ప్రోగ్రామ్ హబ్బులోనే ఉంటుంది. ఆ తర్వాత చిన్న బ్లూటూత్ రిమోట్ చాలు, ఫోన్ ఊసే అక్కర్లేదు.

మామయ్య: బండి నడపడానికి ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలన్నమాట! బాగుంది.

కిరణ్: స్టీరింగ్ సంగతి చెప్పు ముందు. నీ మామూలు రిమోట్ మీట కాస్త తోస్తే చాలు, చక్రాలు ఆ చివరికి వెళ్లిపోతాయి. మధ్యలో ఆపే దారే లేదు.

మామయ్య: అది సర్వో తప్పు కాదు, అంటే స్టీరింగ్ తిప్పే మోటారు తప్పు కాదు, రిమోట్ తప్పు. సర్వో అటు ఏడు మెట్లు, ఇటు ఏడు మెట్లు తిరగగలదు. తిప్పుడు చక్రాలున్న రైలు రిమోట్ తీసుకుంటే మెట్టుమెట్టుగా తిరుగుతుంది.

కిరణ్: మళ్లీ నేరుగా రావాలంటే ఎర్ర బటన్ నొక్కాలి. మలుపులో ఉన్నప్పుడు ఎవరికి గుర్తుంటుంది? పవర్డ్ అప్ పెద్ద మోటార్లలో ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్ ఉంది. ఎంత కోణం అడిగితే అంతే తిప్పి అక్కడే పట్టుకుంటాయి.

(ఈ మాటకు మామయ్య దగ్గర జవాబు లేదు. అందుకే మోటార్ల మీదికి పోయాడు.)

మామయ్య: సరే, డ్రైవ్‌కు ఏం పెడతావ్? ఎల్ కన్నా పెద్దదైన ఎక్స్‌ఎల్ మోటారే పెట్టాలంటాను. 9 వోల్టుల దగ్గర ఔత్సాహికులు కొలిచిన లెక్కలున్నాయి. ఖాళీగా తిరిగితే ఎక్స్‌ఎల్ నిమిషానికి సుమారు 220 చుట్లు, ఎల్ మోటారు 390. గట్టిగా పట్టి ఆపితే ఎక్స్‌ఎల్ బలం సుమారు 40 న్యూటన్ సెంటీమీటర్లు, ఎల్‌ది 18. బరువున్న ట్రక్కు గడప ఎక్కాలంటే ఏది కావాలి?

కిరణ్: ఎల్ మోటారుకు 12 పళ్ల గేరు తగిలించి 20 పళ్ల దాన్ని తిప్పించు. వేగం 234కి దిగుతుంది, బలం 30కి పెరుగుతుంది. రాపిడికి కొంత పోతుందనుకో. ఎక్స్‌ఎల్ ఐదు రంధ్రాల వెడల్పు, ఎల్ మూడే. ఈ ఛాసిస్‌లో ఐదు ఎక్కడ పడతాయి? రెండు ఎల్‌లు పెడితే ఒకటి ముందు చక్రాలకు, ఒకటి వెనక చక్రాలకు.

మామయ్య: బలం పెంచితే అది మధ్య యాక్సిల్ మీదే పడుతుంది. గడప దగ్గర చక్రం ఇరుక్కుందా, పొడవాటి యాక్సిల్ మెలి తిరుగుతుంది. 8 పళ్ల గేరు టకటకమంటూ పళ్లు జారుతుంది. ఆ చప్పుడు వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

కిరణ్: అందుకే గేరు తగ్గింపు మోటారు పక్కన కాదు, చక్రం దగ్గర పెట్టాలి. పోర్టల్ హబ్బు, అంటే చక్రం దగ్గరే గేర్లుండే ముక్క వేస్తే యాక్సిల్ వేగంగా, తేలిగ్గా తిరుగుతుంది. బలం చివర్లోనే పుడుతుంది. ఇది నీ ఎక్స్‌ఎల్‌కు కూడా వర్తిస్తుంది మామయ్యా.

మామయ్య: ఊఁ. అది నిజమే.

కిరణ్: అసలు నాకైతే బగ్గీ మోటారు పెట్టాలని ఉంది. 2002 నాటి రేస్ బగ్గీలో వచ్చింది చూడు, వెయ్యి చుట్లు దాటిపోతుంది.

మామయ్య: అది కరెంటు తాగే తీరు తెలుసా? భారం పడితే రెండు ఆంపియర్లు దాటేస్తుంది. నా రిసీవర్ అంత ఇవ్వలేదు, బ్యాటరీ పెట్టె రక్షణ కోసం దానంతటదే ఆగిపోతుంది. బండి నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, మళ్లీ వేస్తుంది. దానికి స్లొవేనియా వాళ్ల బువిజ్ లాంటి బ్లూటూత్ కంట్రోలర్ కావాలి. బ్యాటరీ అందులోనే ఉంటుంది, వేగం మోడ్‌లో వోల్టేజి కూడా పెంచి ఇస్తుంది.

కిరణ్: అంటే బ్లూటూత్‌కు నువ్వే ఓటేశావ్!

మామయ్య: అది కూడా ఫోన్ యాప్‌తోనే కదరా. సరే, బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నీ హబ్బులో ఏ సెల్లులు వేస్తావ్?

కిరణ్: ఆరు రీఛార్జబుల్ ఏఏలు. ఒక్కోటి 1.2 వోల్టులు, మొత్తం 7.2.

మామయ్య: ఆల్కలైన్ అయితే 9. అంటే ఐదో వంతు వేగం ముందే పోగొట్టుకున్నావ్.

కిరణ్: ఖాళీగా తిరిగితే నువ్వన్నదే నిజం. మోటార్లు గట్టిగా లాగేటప్పుడు ఆల్కలైన్ వోల్టేజి కుంగిపోతుంది, రీఛార్జబుల్ తట్టుకుంటుంది. గడప ఎక్కేటప్పుడు చూడు తేడా.

మామయ్య: ఇంకొకటి మర్చిపోయావ్. పవర్ ఫంక్షన్స్ ప్లగ్గులు ఒకదాని మీద ఒకటి గుచ్చుకోవచ్చు. ఒకే అవుట్‌పుట్‌కు రెండు మోటార్లు పెట్టినా కలిసి తిరుగుతాయి. నీ హబ్బులో పోర్టులు నాలుగే. డ్రైవ్‌కు రెండు, స్టీరింగ్‌కు ఒకటి. మిగిలిన ఒక్కదానికి తాడు చుట్టి లాగే వించ్ కావాలా, గేర్‌బాక్స్ కావాలా?

కిరణ్: నీ సరుకు తయారీ ఆగిపోయింది కదా. ఆ సర్వో పాడైతే సెకండ్‌హ్యాండ్‌లో ఎంత చెబుతారో తెలుసా?

మామయ్య: అందుకే రెండు కొని దాచాను. ముందు ట్రక్కు ఎంత బరువుందో చూద్దాం, వంటింట్లోంచి ఆ డిజిటల్ కాటా పట్రా. కిలోన్నర లోపుంటే ఎల్‌లు నీవే పెట్టుకో. దాటితే మాత్రం ఛాసిస్ విప్పి ఐదు రంధ్రాల చోటు చేయాల్సిందే.

కిరణ్: సెల్లులు వేసి తూచాలా, వేయకుండానా?

మామయ్య: వేసే తూచు. ఆరు ఏఏలు తక్కువ బరువేం కాదు.