కారు మీద నురగ ఆరిపోతుంటే మెషీన్ ఇంకా ‘ప్రాసెసింగ్’ అంటోంది

డబ్బు కట్టినంతసేపే నీళ్లొచ్చి, కారు మనమే కడుక్కునే సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్‌లో టైమర్ ఎప్పుడు ఆగిపోతుందో మీకూ అనుభవమే ఉంటుంది. సరిగ్గా కారంతా నురగతో నిండి, ఇక కడగడమే మిగిలినప్పుడు. నాకూ అదే జరిగింది. ఒక చేతిలో నీళ్లు కొట్టే గన్, ఇంకో చేత్తో తడి జేబులోంచి కార్డ్ తీసి ట్యాప్ చేస్తే తెర మీద ‘ప్రాసెసింగ్’ అని వచ్చి అలాగే నిలబడిపోయింది. బానెట్ మీద నురగ అంచుల నుంచి ఎండిపోతూ తెల్లటి మచ్చలు పడుతున్నాయి. కాసేపటికి ‘డిక్లైన్డ్’ అంది, మళ్లీ ట్యాప్ చేశాను, ఈసారి నీళ్లొచ్చాయి. ఇంటికెళ్లి ఫోన్ చూసుకుంటే రెండుసార్లూ ఖాతాలో డబ్బు హోల్డ్‌లో పడి ఉంది, అంటే కట్ కాలేదు గానీ వాడుకోవడానికీ లేదు.

ఇలాంటి ఫిర్యాదులు నాలుగు వచ్చాయంటే యజమానికి మొదట తట్టేది కార్డ్ రీడర్ మార్చేయాలని. తప్పేం లేదు, పాత రీడర్లు మార్చాల్సిందే. కానీ రీడర్ అనేది కస్టమర్ కంటికి కనిపించే చివరి ముక్క మాత్రమే. దాని వెనక బే (ఒక్కో కారు నిలిపి కడుక్కునే గది) టైమర్, నెట్‌కు కలిపే మోడెమ్, పేమెంట్ కంపెనీ సర్వర్, ఆ తర్వాత బ్యాంకు, ఇంత వరస ఉంది. చాలా పాత బేల్లో కార్డ్ రీడర్ చేసే పని ఏమిటంటే, తాను కూడా ఒక కాయిన్ బాక్సే అన్నట్టు టైమర్‌కు పల్స్‌లు పంపడం. ఒక పల్స్ అంటే ఒక నాణెం పడినట్టు. కొత్త రీడర్ కొని ఈ పాత పద్ధతికే తగిలిస్తే తెర మెరుస్తుందేమో గానీ, ముందే ఇంత అని డబ్బు తీసుకోవడం, సగంలో ఆపేయడం, మళ్లీ కార్డ్ అడగడం, అన్నీ ఎప్పటిలాగే నడుస్తాయి.

నా దృష్టిలో అప్‌గ్రేడ్‌లో అన్నిటికంటే ముందు మారాల్సింది ఈ లెక్కే. ఒకసారి ట్యాప్ చేస్తే టైమర్ సున్నా నుంచి పైకి లెక్కపెట్టాలి, పనయ్యాక స్టాప్ నొక్కితే వాడినంతకే డబ్బు కట్ అవ్వాలి. ఈ పద్ధతి చాలా ఏళ్లుగా ఉన్నదే. దీనివల్ల యజమానికీ లాభమే, ఎందుకంటే చాలాచోట్ల ప్రతి కార్డ్ లావాదేవీకీ శాతంతో పాటు కొంత స్థిరమైన ఫీజు కూడా ఉంటుంది. ఒకే మనిషి ఒకే కారు కోసం మూడుసార్లు ట్యాప్ చేస్తే ఆ ఫీజు మూడుసార్లు పోతుంది. చిన్న మొత్తాల వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదు. అన్నిటికీ మించి, నురగ మధ్యలో ఎక్కడ ఆగిపోతుందో అన్న టెన్షన్ లేనివాడు నిదానంగా, శుభ్రంగా కడుక్కుని వెళ్తాడు.

అయితే దీనిలో ఒక మెలిక ఉంది. చివరికి ఎంతవుతుందో ముందే తెలియదు కాబట్టి మెషీన్ మొదట కొంత పెద్ద మొత్తాన్ని బ్యాంకు దగ్గర హోల్డ్ చేయించి, తర్వాత అసలు బిల్లు మాత్రమే తీసుకుంటుంది. మిగతాది విడుదల కావడం కస్టమర్ బ్యాంకు చేతిలో ఉంటుంది, ఒక్కోసారి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డ్ వాడేవాళ్లు దీన్ని గమనించకపోవచ్చు. డెబిట్ కార్డ్ వాడేవాళ్లకు మాత్రం అది ఖాతాలోని సొంత డబ్బు, నెలాఖరులో అయితే ఆ డబ్బుతోనే ఇంకో పని ఉంటుంది. అందుకే హోల్డ్ ఎంతో ట్యాప్ చేయకముందే తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపించాలని నేను గట్టిగా అంటాను. హోల్డ్ మొత్తం కూడా మామూలుగా ఒక కారు కడగడానికి అయ్యేదానికి దగ్గరగా ఉండాలి, చేతికొచ్చిన అంకె పెట్టకూడదు. స్టాప్ నొక్కడం మర్చిపోయి వెళ్లిపోయేవాళ్లు ఎలాగూ ఉంటారు కాబట్టి, కొన్ని నిమిషాలు గన్ వాడకపోతే టైమర్ తనంతట తానే ఆగిపోవాలి. ఈ సెట్టింగ్ లేకుండా పైకి లెక్కపెట్టే టైమర్ పెడితే అది జనం డబ్బు కాజేయడమే.

ఇక స్వైప్ రీడర్ల సంగతి. స్వైప్ చేసేటప్పుడు చదివేది కార్డ్ వెనక ఉండే అయస్కాంత పట్టీని, దాన్ని నకలు చేయడం తేలిక, మనిషి కాపలా లేని బేలు కార్డ్ దొంగలకు అనువైన చోటు. అమెరికాలో 2015 అక్టోబర్ నుంచి, చిప్ కార్డ్‌ను చిప్ చదవలేని మెషీన్‌లో స్వైప్ చేయించుకుంటే నకిలీ కార్డ్ నష్టం సాధారణంగా వ్యాపారి వైపే పడుతోంది. పెట్రోల్ పంపులకు మాత్రం పరికరాలు మార్చడం కష్టమని 2021 ఏప్రిల్ వరకు గడువిచ్చారు. మాస్టర్‌కార్డ్ 2029 నుంచి కొత్త కార్డులకు ఆ పట్టీ వేయబోమని, 2033 నాటికి పూర్తిగా తీసేస్తామని 2021లోనే ప్రకటించింది. కాబట్టి చవగ్గా వస్తోందని ఇప్పుడు స్వైప్ రీడర్ కొనడం దండగ. కార్డ్ పెట్టే రీడర్లకు భద్రతా ధృవీకరణ ఉంటుంది, దానికీ గడువు తేదీ ఉంటుంది. అమ్మేవాణ్ని ఆ తేదీ అడగండి, గడువు దగ్గరపడ్డ మోడళ్లే తక్కువ ధరకు వస్తుంటాయి.

నీళ్ల విషయంలో చాలామంది మోసపోతున్నారు. రీడర్ పెట్టె మీద ఐపీ65 (దుమ్ము, నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్) అని ఉంటే నిశ్చింత అనుకుంటారు. ఆ పరీక్షలో నీటిని 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో, రెండున్నర నుంచి మూడు మీటర్ల దూరం నుంచి, నిమిషానికి పన్నెండున్నర లీటర్ల చొప్పున కొడతారు, అంటే దాదాపు తోట పైపు ధార లాంటిది. కార్ వాష్ గన్‌లో ఒత్తిడి 70 బార్‌కు అటూ ఇటూగా ఉంటుంది, దానికీ దీనికీ పోలికే లేదు. దగ్గర నుంచి కొట్టే అధిక ఒత్తిడి ధారను తట్టుకుంటుందని చెప్పేది ఐపీ69. అంత ఖరీదైన పెట్టె కొనలేకపోతే రీడర్‌ను గన్ అందనంత పక్కగా, పైన చిన్న రేకు కప్పుతో బిగించాలి. అయితే రేకు మరీ దగ్గరగా వచ్చిందో, ట్యాప్ పనిచేయదు. ట్యాప్ అంటే 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం, అది అందేదే నాలుగైదు సెంటీమీటర్లు, చుట్టూ లోహం ఉంటే ఆ కాస్తా పోతుంది. ఇంత జాగ్రత్త అవసరమైనా ట్యాప్‌కే నా ఓటు. కార్డ్ దూర్చే సందు లేని చోట నీళ్లు దూరవు, సబ్బు పేరుకోదు.

నెట్‌వర్క్‌ను అందరూ చివర్లో ఆలోచిస్తారు, నన్ను అంతసేపు నిలబెట్టింది అదేనని నా అనుమానం. కాంక్రీటు గోడలు, ఇనుప పెట్టె, తడి, వీటి మధ్య మొబైల్ సిగ్నల్ బక్కచిక్కిపోతుంది. పైగా టెలికాం కంపెనీలు పాత తరం నెట్‌వర్క్‌లు ఆపేస్తుంటాయి. 2022లో అమెరికాలో ఏటీ అండ్ టీ, వెరిజాన్ 3జీ ఆపేశాక ఆ మోడెమ్‌లతో నడిచే పరికరాలకు దారి మూసుకుపోయింది. ఎలాగూ బేల్లో పైపుల పని చేయిస్తున్నప్పుడు పక్కనే గొట్టంలో ఒక నెట్‌వర్క్ తీగ లాగించేయండి, మొబైల్ సిమ్‌ను అత్యవసరానికి ఉంచుకోండి.

నాణేల పెట్టె తీసేయొద్దు. నెట్ పోయిన రోజున అదే దిక్కు, పైగా కార్డ్ లేనివాళ్లూ కారు కడుక్కోవాలి. యాప్ కూడా పెట్టొచ్చు గానీ, తడి చేతులతో నిలబడ్డ మనిషిని ముందు యాప్ డౌన్‌లోడ్ చేసుకోమని బలవంతపెట్టడం అన్యాయం.

డబ్బు ఇరుక్కుంటే ఎవరితో మాట్లాడాలన్నది కూడా ఇదే అప్‌గ్రేడ్‌లో భాగం. ప్రతి బే దగ్గరా బే నంబరు, ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి. ఎత్తిన మనిషికి దూరం నుంచే రెండు నిమిషాల నీళ్లు వదిలే వీలుండాలి. నేను ఫోన్ చేసిన నంబరు మోగుతూనే ఉంది. అప్పుడు ఎవరైనా ఎత్తి రెండు నిమిషాలు నీళ్లు వదిలి ఉంటే నేను రెండోసారి కార్డ్ తీసేవాణ్నే కాదు.

కొత్త సిస్టమ్ బిగించాక, చివరి చెల్లింపు ఇచ్చేముందు యజమాని ఒక పని చేయాలి. తన కారు తెచ్చి, తన డెబిట్ కార్డ్‌తో, చేతులు తడుపుకుని మొదటి నుంచి చివరిదాకా తానే కడగాలి. కారు మీద నురగ ఉండగా ఎవరితోనైనా నెట్ తీగ పీకించి మెషీన్ ఏం చేస్తుందో చూడాలి. మళ్లీ తీగ పెట్టించి, స్టాప్ నొక్కి, తన ఖాతాలో హోల్డ్ ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకోవాలి.