లాప్‌టాప్ మూసేయమని చెప్పే ముందు

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల సంక్రాంతి సంబరాల్లో పిల్లల పాటలు సాగుతుండగా, హాలు వెనక వంటపాత్రల పక్కన ఒక కుర్రవాడు ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. "పండగ పూట కూడా పనేనా నాయనా, మూసేయి" అన్నాను. అతను తలెత్తి నవ్వాడు. "మీకేమండీ అంకుల్, అరవై రోజుల లెక్క లేదు కదా!"

కంపెనీ ఉద్యోగం ఇస్తేనే నిలిచే హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఆ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోతే మరో కంపెనీ వెతుక్కోవడానికైనా, మూటాముల్లె సర్దుకోవడానికైనా గరిష్ఠంగా 60 రోజులు. 2017 నుంచి ఆ మాత్రం గడువైనా ఉంది. నేను వచ్చిన 1998లో అదీ లేదు. అమీర్‌పేటలో మూడు నెలలు మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే గోల పుణ్యమా అని విమానం ఎక్కిన బాపతు నేను. కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేస్తూ కూర్చునేవాణ్ణి. రాత్రి రెండింటికి పేజర్ మోగితే మొదటి మోతకే లేచేవాణ్ణి. మేనేజర్లు దానికి శ్రద్ధ అని పేరు పెట్టారు. నేనూ ఇంటికి రాసే ఉత్తరాల్లో అదే మాట రాశాను. భయమని రాస్తే అమ్మ బెంగపెట్టుకునేది.

ఇప్పుడు అయిదున్నరకల్లా కుర్చీలోంచి లేస్తాను. శనివారాలు పెరట్లో గోంగూర మడిలోనే గడుస్తాయి. వయసుతో వచ్చిన జ్ఞానమిదని మన సభల్లోనే రెండుసార్లు ఉపన్యాసం దంచాను. ఆ రాత్రి ఇంటికెళ్లి ఏడాదులు లెక్క వేసి చూసుకున్నాను. నా జ్ఞానం సరిగ్గా ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్‌కార్డు వచ్చిన ఏడాది మొదలై, ఇంటి అప్పు తీరిన ఏడాది ముదిరింది!

వయసు ఏమీ నేర్పలేదనను. ఏ పొరపాటు కొంప ముంచుతుందో, ఏది సోమవారం దాకా ఆగుతుందో ఇట్టే పోల్చుకోగలను. అది పాతికేళ్ల తప్పులు పెట్టిన భిక్ష, కుర్రవాళ్లకు పంచగలిగినదీ అదే. తీరిక సంగతి వేరు. ఉద్యోగాల కోటాలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ సాధారణంగా 7 శాతానికి మించి గ్రీన్‌కార్డులు ఇవ్వరు. దాంతో పేరుకుపోయిన మనవాళ్ల వరసలో నిలబడ్డ కుర్రవాడికి నా జ్ఞానం ఏ వయసులో రావాలి? అందుకే వచ్చే ఏడాది సభల్లో పని, జీవితం సమతూకం మీద ప్రసంగం పెట్టవద్దని కార్యవర్గానికి చెప్పాను. ఆ గంటలో పెద్దవాళ్లం కూర్చుని పిల్లల రెజ్యూమేలు దిద్దుదాం, మన ఆఫీసుల్లో ఖాళీలు ఎక్కడున్నాయో చెబుదాం.

అన్నట్టు, ఆ రోజు పులిహోర అయిపోవస్తుంటే ఒక ప్లేటు తెచ్చి అతని పక్కన పెట్టాను. తెర మీదనుంచి కళ్లు తిప్పకుండానే తిన్నాడు. నేనేమీ అనలేదు.